మామిడి టెంక, మా అక్క పథ్యం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే ఆ రోజులు గట్టిగా పదేళ్ళు కూడా వెనక లేవు. అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. పసిపిల్లలకు ఏ నెలలో ఏం పెట్టాలో చెప్పే వీడియోలు మా అమ్మ ఫోన్లోకి కూడా వచ్చేవి (ఆవిడ వాటిని చూడకుండానే నలుగురికి పంపేది). ఇంత విజ్ఞానం ఇంట్లో పొంగి పొర్లుతున్నా మా వాళ్ళ పద్ధతి ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. పాలు తాగే బిడ్డకు ఒంట్లో నలతగా ఉంటే అందరూ తల్లి వైపు తిరిగి "ఏం తిన్నావే?" అని అడుగుతారు. బిడ్డకు జలుబు చేస్తే తల్లి పెరుగు తిని ఉంటుంది. రాత్రంతా ఏడిస్తే శనగపిండి తిని ఉంటుంది. హాయిగా నవ్వితే మాత్రం అది తాతగారి పోలిక. ఈ పద్ధతి చాటున దాక్కుని నేను రెండు నెలలు క్షేమంగా బతికాను. ఆ సంగతే చెబుతాను, నన్ను మరీ చెడ్డవాడిగా అనుకోకండి. కొంచెం అనుకోండి, ఫరవాలేదు.

మా అక్క నందిగామలో టీచరు, బావకు అక్కడే కోర్టులో ఉద్యోగం. మొదటి కాన్పుకి అక్క జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చింది, సంక్రాంతి ముందు పాప పుట్టింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని, మంచినీళ్ళు కూడా వద్దని డాక్టరమ్మ చెప్పింది. "అదేందమ్మా, ఆడపిల్లకి ఐదో నెల్లోనే అన్నప్రాశన చేస్తాం కదా మనం, బేసి నెలల్లో," అని అమ్మ గొణిగింది. అక్క ఒప్పుకోలేదు. తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో 'పాపకు ఏమీ పెట్టరాదు' అని రాసి ఫ్రిజ్‌కి అంటించింది, 'ఏమీ' కింద రెండు గీతలు కూడా కొట్టింది. చివరికి ఏడో నెలలో చేద్దామని రాజీ కుదిరింది. అప్పటికి ఆషాఢం వస్తుంది కాబట్టి శ్రావణం రానిచ్చి, నందిగామలో అత్తగారింట్లోనే చేయాలని పంతులుగారు ముహూర్తం పెట్టారు. డాక్టరమ్మ, పంతులుగారు, అక్క అత్తగారు ముగ్గురూ ఒకే మాట మీదికి రావడం మా రెండు కుటుంబాల చరిత్రలో అదే మొదలు, బహుశా అదే ఆఖరు. మా వైపు మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. బంగారపు ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి పిల్ల నాలిక మీద రాయాలి. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి చదువుతున్నానని చెప్పుకుంటూ తిరుగుతున్న ఇరవై మూడేళ్ళ నాకు పదిమందిలో దక్కబోయే మొదటి హోదా అదే. లెక్కల మాస్టారుగా రిటైరైన మా నాన్న కూడా "కనీసం ఆ పనైనా సరిగ్గా చెయ్యి," అని నా మీద నమ్మకం ప్రకటించాడు.

పాపకు ఐదో నెల నడుస్తుండగా మే నెల వచ్చింది. మెడ నిలిచింది, ఒళ్ళో కూర్చోబెడితే కూర్చుంటోంది. అప్పటినుంచి ఒక కొత్త అలవాటు మొదలైంది. ఎవరు ఏం తింటున్నా వాళ్ళ చేతినే చూసేది. చెయ్యి కంచంలోంచి నోటికి వెళ్ళేదాకా చూపు దానితోపాటే వెళ్ళేది, వాళ్ళు నములుతుంటే తన బోసినోరు కూడా కదిలించేది. ఆదివారాలు వచ్చే మా బావ ఆ చూపు చూసి "జడ్జిగారు" అని పేరు పెట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం అక్క స్నానానికి వెళుతూ పాపను నా ఒళ్ళో పడేసి, "పది నిమిషాలు చూస్కోరా," అంది. అమ్మ పక్కింట్లో ఉంది, నాన్న పడుకున్నాడు. నా చేతిలో చిన్న రసం మామిడిపండు ఉంది. బాగా నలిపి, ముచ్చిక కొరికి రసమంతా పీల్చేశాక, తోలు తీసి టెంక చీకుతున్నాను. జడ్జిగారు చూసింది. నేను మొహం అటు తిప్పుకున్నాను, తనూ తిప్పుకుంది. నేను చెయ్యి వెనక్కి దాచాను, పెదవి విరిచింది. ఏడిస్తే నాన్న లేస్తాడు. నా చేతిలో ఉన్నది టెంక, అందులో గుజ్జేమీ లేదు, 'ఏమీ పెట్టరాదు' అన్నదాంట్లోకి ఏమీ లేని టెంక ఎలా వస్తుంది? (బ్యాంకు పరీక్షలో రాని తర్కం ఇలాంటప్పుడు ఎక్కడినుంచి తన్నుకొస్తుందో!) ఊరికే పెదవికి తగిలించాను.

ఆ తర్వాత జరిగింది నా చేతుల్లో లేదు, అక్షరాలా ఆమె చేతుల్లోనే ఉంది. రెండు చేతులతో టెంకను పట్టేసుకుంది. ఒక్క క్షణం కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది, ఇన్నాళ్ళూ ఇంత సంగతి నా దగ్గర దాస్తారా అన్నట్టు. ఇక చీకడం మొదలుపెట్టింది. గడ్డం, మెడ, నా లుంగీ అన్నీ పసుపుపచ్చ. అంత సంతోషంగా తినే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కళ్ళు చెమర్చాయి. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగగానే టెంక లాక్కుని, తడిగుడ్డతో ఆమెను ఎక్కడికక్కడ తుడిచి, టెంకను గోడ మీదుగా విసిరేసి, పుస్తకం తెరిచి కూర్చున్నాను. "ఏడ్చిందా?" అని అక్క అడిగింది. "లేదే, బుద్ధిగా ఉంది," అన్నాను.

మర్నాడు పొద్దుటినుంచి పాపకు విరేచనాలు. అందరం ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ పొట్ట నొక్కి చూసి, "పైనుంచి ఏమన్నా పెట్టారా?" అని అడిగింది. మా నాన్న ఛాతీ విరిచి, "నో మేడం. మా ఇంట్లో స్ట్రిక్ట్. పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా లేవు," అన్నాడు. నేను గోడ మీద టీకాల పట్టిక చదువుతున్నాను. రెండు రోజుల్లో తగ్గిపోతుందని, పాలు మాత్రం మానొద్దని, తల్లి మామూలుగా అన్నీ తినొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆఖరి ముక్క క్లినిక్ గుమ్మం దగ్గర "తల్లి కొంచెం చూసుకుని తినాలంట"గా మారింది. ఆటో మా వీధి మలుపు తిరిగేసరికి "తల్లి నోరు కట్టుకోవాలంట" అయింది. ఇంటికొచ్చాక అమ్మ నందిగామకి ఫోన్ చేసింది, అక్క అత్తగారు అటునుంచి తీర్పు చెప్పేసింది: "మామిడిపళ్ళు తినుంటదమ్మా. వేడి చేసింది. పాలల్లోకి దిగింది." అక్క ఆ ముందురోజు తిన్నవి రెండంటే రెండు ముక్కలు. కానీ తిన్న మాట నిజం.

ఇక చూడండి. కాన్పయినప్పటినుంచి పథ్యం చేసి చేసి, ఆ నెలలోనే అక్క నోటికి విడుదల దొరికింది. మామిడిపండంటే ప్రాణం దానికి, చిన్నప్పుడు నాకు తొక్కలు మాత్రం మిగిల్చేది. ఆ రోజునుంచి మళ్ళీ బీరకాయ, వెల్లుల్లికారం, మళ్ళీ బీరకాయ. కొత్తావకాయ కలిపిన రోజున వాసన ఇల్లంతా పట్టేస్తే అక్క కంచం తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో పాప నిక్షేపంగా అయిపోయింది, పథ్యం మాత్రం అయిపోలేదు. "తగ్గింది చూశావా? నువ్వు మానెయ్యబట్టే," అని అమ్మ రుజువు కూడా చూపించేది. అక్క తల వంచుకుని బీరకాయ ముద్ద కలుపుకునేది. నేను చెప్పేద్దామని ఒకరోజు వంటింట్లోకి వెళ్ళాను. "అమ్మా," అన్నాను. అమ్మ గంపలోంచి నాలుగు పళ్ళు తీసి నా చేతిలో పెట్టి, "దాని ముందు తినబాకరా, నోరూరుద్ది పాపం. డాబా మీదికి పో. దాని వాటా కూడా నువ్వే తిను, కుళ్ళిపోతన్నయ్," అంది. నేను డాబా ఎక్కాను. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని అక్క వాటా కూడా తిన్నాను. తింటూ చాలా బాధపడ్డాను. ఆ వేసవంతా అలా రోజుకు నాలుగేసి పళ్ళ చొప్పున బాధపడ్డాను.

చెప్పకపోవడానికి నా దగ్గర కారణాలకేం కొదవ లేదు. నాన్న డాక్టరమ్మ ముందు అంత గొప్పగా చెప్పాక ఆయన పరువేం కావాలి? బావ ఏమనుకుంటాడు? నా చేత మొదటి ముద్ద పెట్టించడం మానేస్తే? పరీక్ష దగ్గరికొచ్చింది, మనసు పాడవదూ? ఇలా ఒక్కో కారణం పట్టుకుని ఒక్కో వారం గడిపేశాను. పరీక్ష రాశాను. ఆషాఢం వచ్చింది, పోయింది.

శ్రావణంలో నందిగామ వెళ్ళాం. యాభైమంది దాకా చుట్టాలొచ్చారు. అక్కను పీట మీద కూర్చోబెట్టి ఒళ్ళో పాపను ఉంచారు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. కొత్త పంచె కట్టుకున్నాను, అది నిలుస్తుందా అన్నదే నా దిగులు. పంతులుగారు మంత్రం చదువుతూ కానివ్వమని సైగ చేశారు. ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి పెదవి దగ్గర పెట్టాను. జడ్జిగారు ఒకసారి రుచి చూసి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను. నోరు బిగించేసింది. మూడోసారి నా చెయ్యి నెట్టేసి, నా మొహంలోకి చూసింది, అసలుది ఏదిరా అన్నట్టు. చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అక్క అత్తగారు అందరికీ వినపడేలా, "ఏం చేస్తదండీ పసిది? తల్లి నోరు కట్టుకుంటేగా. ఎండాకాలంలో మామిడిపళ్ళు తినేసి పిల్ల కడుపు పాడు చేసింది, అప్పట్నుంచి దానికి ఏదీ సయించట్లా," అంది. ఎవరో అయ్యో అన్నారు. అక్క తల వంచుకుని పాప గౌను అంచు సర్దుతోంది, సర్దిందే మళ్ళీ సర్దుతోంది. ఆ చేతులు చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు.

"అక్క కాదండీ," అన్నాను. "నేనే పెట్టా. టెంక. మే నెల్లో." యాభైమందీ ఆగిపోయారు. "ఏంది?" అంది అమ్మ. "మామిడి టెంక చీకించానమ్మా. అక్క స్నానానికి పోయినప్పుడు. దాని పాలల్లో ఏం లేదు." చేతిలో ఉంగరంనుంచి పరమాన్నం కొత్త పంచె మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఎవరూ అడక్కపోయినా మా నాన్న గొంతు సవరించుకుని, "బిస్కెట్ అయితే... నేను టీలో బాగా నానబెట్టే పెట్టా," అన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగిన తీరు చూసి నేను కాసేపు బతికిపోయాను. బావ ముందుగా నవ్వాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. పంతులుగారు మాత్రం తొణకలేదు. "పళ్ళూ బిస్కెట్లూ అన్నం కిందికి రావు లెండి. కానివ్వండి, వర్జ్యం వచ్చేస్తోంది," అన్నారు. అక్క అత్తగారు ఒక్క నిమిషం ఎటూ చూడలేకపోయింది, ఆ తర్వాత వంటవాళ్ళ వైపు కేకేసింది: "అమ్మాయికి విస్తట్లో అన్నీ వెయ్యండయ్యా, ఆవకాయ కూడా!"

భోజనాలయ్యాక నేను బజారంతా తిరిగాను. బస్టాండు దగ్గర పళ్ళ బండి అతన్ని మామిడిపళ్ళున్నాయా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "శ్రావణంలో ఏడ దొరుకుతయ్ సార్? మళ్ళీ ఏడు రండి," అన్నాడు. నేను నిజం చెప్పేసరికి పళ్ళ కాలమే వెళ్ళిపోయింది. మామిడి రసం అట్టపెట్టె ఒకటి కొనుక్కుని వెళ్ళాను. పెరటి గుమ్మంలో అక్క ఒక్కతే కూర్చుని ఉంది. స్ట్రా గుచ్చి ఇచ్చాను, తాగింది. "నాకు ఆ రోజే తెలుసులేరా," అంది. "గౌను ఉతికింది నేనేగా. మామిడి మరక పోద్దా?" నేను పక్కనే కూలబడ్డాను. "మరి చెప్పలేదేంటే?" "నాన్న నిన్ను బతకనిచ్చేవాడా? పరీక్ష పెట్టుకుని ఉన్నావ్." ఇంకో గుక్క తాగి, "నువ్వే చెప్తావేమో అని చూశా. నువ్వు డాబా దిగొచ్చినప్పుడల్లా చూశా," అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగానే అంది.

ఇప్పుడు నాకూ కొడుకు పుట్టాడు, ఐదో నెల నడుస్తోంది. (ఆ పరీక్ష కూడా తప్పాను, మూడోసారి ప్యాసయ్యాను.) పోయిన వారం వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆవిడ అప్పుడే కంచం ముందు కూర్చుంది, గుత్తివంకాయ కూర వడ్డించుకుంది. అమ్మ వాడి పొట్ట తడిమి, మా ఆవిడ కంచం వైపు చూసి, "ఏమ్మా, నిన్న నువ్వేమన్నా..." అని మొదలుపెట్టింది. "నేనే పెట్టానమ్మా," అన్నాను. "అరటిపండు. ఒక్క ముక్కే." నిజానికి నేను వాడికి ఏమీ పెట్టలేదు, ఒట్టు. ఇరవై మూడేళ్ళప్పుడు రెండు నెలలు పట్టిన మాట ఇప్పుడు రెండు క్షణాల్లో నోట్లోంచి వచ్చేసింది, అదీ అబద్ధంగా. అమ్మ నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, నాలుగు రోజులు పిల్లాడి దగ్గరికి రానివ్వలేదు. మా ఆవిడ నా వైపు ఒకసారి అనుమానంగా చూసి, ఇంకో వంకాయ వేసుకుంది.