టన్నుకు మూడు టన్నులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. పొగరు కూడా తక్కువేం కాదు. ఆ రెండూ కలిసి నా ఉద్యోగానికే ఎసరు పెట్టాయి.

నంద్యాలలో చిన్న ఆఫీసు. మా ప్రాంతంలోని విమానాశ్రయాల్లో ఏ నెల ఎంత విమాన ఇంధనం నింపారో కాగితాలు తెప్పించుకుని, అది కాలితే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో పట్టికలో వేయాలి. మూడు నెలలు చూసి, బాగా చేస్తే ఉంచుకుంటామన్నారు. నేను చదివింది బీకాం. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని.

రెండో నెలలో ఒకరోజు పట్టికను పట్టి పట్టి చూశాను. టన్ను ఇంధనానికి మూడు టన్నుల పైచిలుకు గ్యాసు! ఎవడో నిద్రమత్తులో వేసిన సూత్రం అనుకున్నాను. మా నాయన శిల్పి. మా ఇంట్లో పని అంటేనే బరువు తగ్గడం. లారీలో దిగిన బండ విగ్రహమయ్యేసరికి సగం పెచ్చులుగా, దుమ్ముగా వాకిట్లో పడి ఉంటుంది. పొయ్యిలో పెట్టిన మోపెడు కట్టెలు పిడికెడు బూడిదే కదా అవుతాయి! ఎవరినైనా అడిగితే నా పరువేం కాను? మూడును పీకేసి ఒకటి పెట్టి పంపేశాను.

శుక్రవారం మా పైఅధికారి మేడమ్ పిలిచారు.

“ఎవరు మార్చమన్నారమ్మా?”

“తప్పుగా ఉందని మార్చాను మేడమ్.”

“తప్పా? ఇంధనంలోని కార్బన్‌కి గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది. వచ్చే గ్యాసు బరువులో ఎక్కువ భాగం ఆ గాలిదే. సోమవారం మీటింగులో ఇదంతా నువ్వే నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే ఇంక రానక్కర్లేదు.”

తల ఊపాను గానీ ఒక్క ముక్క నమ్మలేదు. గాలికి బరువేంటి, నా తలకాయ!

ఆదివారం నాయన రేకుల కొట్టం కింద ఉలితో పని చేస్తున్నాడు.

“ఏందమ్మీ, మొగం అట్ల పెట్టుకున్యావ్?”

జరిగిందంతా చెప్పాను. పకపకా నవ్వాడు.

“కాలిస్తే బరువు తగ్గల్ల గానీ పెరుగుతాదా యాడన్నా? మీ మేడమ్ నీకు కత చెప్తాంది.”

“నవ్వగాకు నాయనా. ఉద్యోగం పోయేటట్టుండాది.”

నవ్వు ఆపి మళ్లీ పనిలో పడ్డాడు. కాసేపటికి ఉన్నట్టుండి ఉలి కింద పెట్టాడు.

“పెండ్లికి ముందు నేను సున్నం బట్టీలో పని చేసినా గదా. సున్నపురాయి ఏసేటప్పుడు గంప ఎత్తల్లంటే నడుము ఇరిగేది. కాలినాక అదే గడ్డ, అదే సైజు, ఎత్తితే తేలిక! ఆ బరువు యాడికి పోయినట్టు?”

నాకూ తెలియదు. ఫోన్లో వెతికాను. చదివి వినిపించాను. కాలేటప్పుడు సున్నపురాయిలోంచి లేచిపోయేది కార్బన్ డయాక్సైడే. రెండు నెలలుగా నేను పట్టికలో వేస్తున్నది దాన్నే.

“అంటే రాయి గాలైపోయిందా?”

“సగానికి దగ్గర పోయింది నాయనా.”

“సగమా!” అని ఖాళీ చేతిని గాల్లో అటూ ఇటూ ఆడించాడు. “అయితే ఈ గాలికి బరువుండాది.”

అమ్మో, నా ఒళ్లు జలదరించింది. ఎదురుగా ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాంట్లో బట్టీలు బట్టీలుగా కాలిన రాయి ఉంది, విమానాలు తాగిన ఇంధనమంతా ఉంది. నాయన పైకి చూశాడు.

“ఎన్నాళ్లుంటాది అది ఆడ?”

“కొంత చెట్లూ సముద్రమూ తీసుకుంటాయంట. మిగిలింది నువ్వూ నేనూ పోయినాక గూడా ఉంటాదంట.”

నాయన నావైపు తిరిగాడు. “నువ్వు కాగితంలోంచి తీసేసింది టన్నుకు రెండు టన్నులు గాదూ?”

“ఊ.”

“తీసేస్తే యాడికి పోతాదమ్మీ? ఆడనే ఉండాది గదా.”

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సోమవారం మీటింగులో లేచి నిలబడ్డాను. తప్పు నాదేనన్నాను. సున్నం బట్టీ సంగతి చెప్పి, గాలికీ బరువుందనీ, ఇంధనం కాలేటప్పుడు ఆ బరువే వచ్చి కలుస్తుందనీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడమ్, “పోయి సరిచెయ్, రేపు త్వరగా రా” అన్నారు.

బయటికి రాగానే నాయనకు ఫోన్ చేశాను.

“ఉద్యోగం ఉండాది నాయనా!”

“అది సరేలే. ఆ రెండు టన్నులు మళ్లా రాసినావా లేదా?”