చేపల టబ్బుకి లగేజీ టికెట్టు: బాపట్ల నుంచి రేపల్లె దాకా ఒక ఆదివారం

మా ఇంట్లో నా ఉద్యోగానికి పేరు "తిరగడం". నరసరావుపేట నుంచి మేనత్త ఫోన్ చేసి "హారిక ఏం చేస్తోంది?" అనడిగితే, అమ్మ తడుముకోకుండా "తిరుగుతోంది వదినా" అంటుంది. నాన్న కాస్త మర్యాదగా "సేవ చేస్తోంది" అంటారు. అది వింటే నాకింకా మండుతుంది. ఎంబీయే చదివి, తెనాలిలో గది అద్దెకి తీసుకుని, నెల నెలా జీతం పుచ్చుకుంటున్న దాన్ని. తమకి నాలుగు రాళ్ళు మిగిలి, చుట్టుపక్కల వాళ్ళకి ఒక మేలు జరిగేలా సొంత వ్యాపారం పెట్టుకోవడం పాతికేళ్ళ లోపు పిల్లలకి నేర్పించే చిన్న సంస్థ మాది. దాన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారని చెబితే అన్నయ్య నవ్వి, హైదరాబాదులో తన స్నేహితుడి కంపెనీలో నాకో కుర్చీ మాట్లాడి పెట్టాడు. చేరతానో లేదో ఆదివారం సాయంత్రానికల్లా చెప్పమన్నాడు. ఆ ఆదివారం నేను ఎక్కడ తిరిగానో రాస్తున్నాను. అటువైపు వెళ్ళాలనుకునే వాళ్ళకి దారీ తెలుస్తుంది, మా ఇంట్లో వాళ్ళకి నా పనీ తెలుస్తుంది.

తెనాలిలో పొద్దున్నే ఆరు దాటాక పాసింజర్ ఎక్కితే గంటలో బాపట్లలో దిగొచ్చు. టికెట్టు ఇరవై రూపాయల లోపే. చలికాలం కాబట్టి కిటికీ అవతల మంచు ఇంకా విడలేదు, కోసిన పొలాల్లో వరి పనలు తడిగా పడి ఉన్నాయి. స్టేషన్ బయట కెజియా నాకోసం ఎదురు చూస్తోంది. భట్టిప్రోలు అమ్మాయి, బీఎస్సీ అయింది, ఆరు నెలలుగా నా దగ్గర శిక్షణలో ఉంది. నేను పలకరించే లోపే "అక్కా, టబ్బులు రెడీ. తెల్లారుజామునే వచ్చి చూసుకున్నా" అంది.

ఆ టబ్బుల కథ చెప్పాలి. మన దగ్గర ఇప్పుడు పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే టికెట్టు సున్నా. కానీ చేపలమ్మే ఆడవాళ్ళని గంపతో ఎక్కనివ్వరు. నీళ్ళు కారతాయి, వాసన. దాంతో వాళ్ళు మూడు ఆటోలు మారి, సంపాదించిన దాంట్లో సగం దార్లోనే పోసేస్తారు. కెజియా ఆలోచన ఏంటంటే, కింద ఒక అర, పైన చిల్లుల పలక ఉన్న ఫైబర్ టబ్బు. చేపలూ ఐసూ పైన ఉంటాయి, కరిగిన నీళ్ళు కింది అరలోకి దిగుతాయి. మూత చుట్టూ పాత ఫ్రిజ్ తలుపుల నుంచి ఊడదీసిన రబ్బరు. పడవలకి మాట్లు వేసే ఫైబర్ షెడ్డులో చేయించింది. షెడ్డు సూర్యలంక దారిలో ఉంది, స్టేషన్ నుంచి షేర్ ఆటోకి ముప్పై రూపాయలు.

ఆరోజు తేలాల్సింది ఒక్కటే. సొంత డబ్బు పెట్టి కొనేవాళ్ళు ఐదుగురు దొరికితే కెజియా వ్యాపారం మొదలుపెడుతుంది. దొరక్కపోతే ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో క్లర్కుగా చేరతానని వాళ్ళ నాన్నకి మాటిచ్చింది. గడువు వాళ్ళ చర్చిలో కోత పండుగ రోజు, అంటే అదే ఆదివారం.

షెడ్డు దగ్గర నాంచారమ్మ గారు కలిశారు. ఆదివారాలు భట్టిప్రోలులో ఇల్లిల్లూ తిరిగి చేపలమ్ముతారు. వాడి చూడమని కెజియా ఇచ్చిన ఒక టబ్బు నిండా కానాగంత చేపలు సర్దుకున్నారు. రెండోది ఖాళీ. "నువ్వేం చేస్తుంటావమ్మా?" అని నన్నడిగారు. ఇంట్లో విని విని నోటికొచ్చేసింది: "తిరుగుతుంటానండి."

"నేనూ అంతేగా," అన్నారావిడ. "ఎక్కువ అరిగిన చెప్పులు నీయా నాయా?"

బాపట్ల బస్టాండులో ఎనిమిదిన్నరకి చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె పల్లెవెలుగు దొరికింది. మా పనిలో ఒక కట్టుబాటుంది. పిల్లలు ఇబ్బందిలో పడ్డప్పుడు మేం నోరు తెరవకూడదు. మేం మాట్లాడితే ఆ వ్యాపారం మాదైపోతుంది. నా నోరు నాకు తెలుసు కాబట్టి బస్టాండులో జామకాయలు కొనుక్కుని, ఒకటి కొరుకుతూ వెనక నిలబడ్డాను.

"అమ్మా, దించు దించు. చేపలెక్కించను," అన్నాడు కండక్టరు.

"ఇది గంప కాదు నాయనా. వాసనొస్తే నన్నే దించెయ్యి," అన్నారు నాంచారమ్మ గారు.

"ఎక్కాక అందరూ ఇట్టాగే అంటారు. వెనక సీట్లోళ్ళు నన్ను తిడతారు."

కెజియా మొహం ఎర్రబడింది. నేను రెండో జామకాయ కొరికాను. ఆ పిల్ల "అన్నా, ఒక్క నిమిషం" అని చేపల టబ్బుని మెట్ల మీంచి లోపలికి లాగి, నడవలో తలకిందులు చేసేసింది. బస్సులో అందరూ ఒక్కసారిగా కాళ్ళు పైకెత్తేశారు. ఒకావిడ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుంది. అందరం నేలవైపే చూస్తున్నాం. ఒక్క చుక్క పడలేదు.

"లోపల నిజంగా చేపలేనా?" అన్నారు ముందు సీట్లో తాతగారు.

"లేకపోతే పూలమ్మడానికి పోతున్నానా బాబాయ్!" అన్నారు నాంచారమ్మ గారు.

కండక్టరు వంగి మూత అంచు దగ్గర ముక్కు పెట్టి చూశాడు. లేచి మిషన్ తీశాడు. "ఆధార్లు చూపించండి. మీ ముగ్గురికీ సున్నా టికెట్లు. చేపలకి ఆధార్ లేదుగా, లగేజీ కొట్టాల్సిందే!" బస్సంతా నవ్వు. సామానుకి టికెట్టు కొట్టించుకున్నందుకు అంత సంతోషపడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నాంచారమ్మ గారు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకున్నారు. చెరుకుపల్లి దాటే సరికి కండక్టరు కిలో ఎంతని బేరం కూడా మొదలుపెట్టాడు.

పదింటికి రేపల్లెలో దిగి, టిఫిన్ చేసి, షేర్ ఆటోలో భట్టిప్రోలు చేరేటప్పటికి ఆరాధన చివరికొచ్చింది. కోత పండుగ చూడని వాళ్ళు ఒక్కసారైనా చూడాలి. ఎవరి కష్టంలో మొదటి ఫలం వాళ్ళు తెచ్చి చర్చిలో ఇస్తారు. ధాన్యం, అరటి గెల, గుమ్మడికాయ, కోడిపుంజు. తరవాత ఆవరణలో వాటిని వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయని ముగ్గురు వరసగా పాడుకుని, ముగ్గురూ తిరిగి ఇచ్చేశారు. అది నాలుగోసారి వేలానికొచ్చింది. కెజియా తన మొదటి ఫలంగా ఖాళీ టబ్బు ఇచ్చింది.

వేలం పాట అందుకుంది చూడండి! బ్యాంకులో పనిచేసే ఒకాయన ఒకటంటే, వెనకనుంచి టీచరమ్మ ఇంకోటి. "మనమ్మాయి చేసిందర్రా, పెంచండి!" అని పెద్దాయనెవరో కేక. మేం అనుకున్న ధరకి నాలుగింతలు దాటి, కెజియా పెదనాన్న దానియేలు గారి దగ్గర ఆగింది. నేను వేళ్ళమీద లెక్కపెడుతున్నాను. పోటీపడి పాడినవాళ్ళు సరిగ్గా ఐదుగురు. జామకాయలు అప్పటికే అయిపోయాయి. కట్టుబాటు గాలికి వదిలేసి "కెజియా, ఐదుగురు దొరికారే!" అని అరిచేశాను. పక్కనే ఉన్న వాళ్ళ నాన్న ఏసురత్నం మాస్టారు కూడా కళ్ళజోడు తుడుచుకున్నారు.

కెజియా వెళ్ళి "పెదనాన్నా, ఇది ఏం చేస్తావు?" అనడిగింది.

"గేదెకి కుడితి పెడతానమ్మా. బాగా లోతుంది."

"బజార్లో ఉంటే ఇంతకి కొంటావా?"

"బజార్లోనా? అసలెందుకు కొంటాను? అది దేవుడికిచ్చిందిగా!"

కెజియా నావైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, మనకి దొరికింది ఐదుగురు కాదు, ఒక గేదె." నాకూ నవ్వాగలేదు. మాస్టారు మాత్రం మెల్లిగా "సాయంత్రం దాకా టైముందిలే" అన్నారు.

భోజనాల వేళకి, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగొచ్చిన నాంచారమ్మ గారి చేపలన్నీ అమ్ముడైపోయాయి. మూడున్నరకి రేపల్లె బస్టాండుకి తిరిగొచ్చాం. చేపలమ్మి ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళంతా ఖాళీ గంపలతో అక్కడే ఆటోల కోసం చూస్తుంటారు. నాంచారమ్మ గారు టబ్బు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. రొంటినుంచి చీటీ తీసి చూపించారు.

"ఏంటే అది?"

"బస్సు టికెట్టు. నా చేపలకి."

చుట్టూ మూగేశారు. ఒకామె మూత లాగి చూసింది, ఇంకొకామె టబ్బు మీద కూర్చుని "కుర్చీ కూడానే" అంది. "బరువెక్కువమ్మాయ్, నా మెడ విరగ్గొడతావా, చిన్నది చెయ్యి" అని ఒకామె దెబ్బలాడింది. కెజియా మోకాళ్ళ మీద కూర్చుని, ఎంత చిన్నదో ఆమె చేతులతోనే కొలిపించుకుంది. ఈసారి నా నోరు దానంతటదే మూసుకుంది. ముగ్గురు అడ్వాన్సు ఇచ్చారు. దెబ్బలాడినామె నాలుగో మనిషి. "మరి నన్ను లెక్కలో వెయ్యవేంటే?" అని నాంచారమ్మ గారు వంద నోటు చేతిలో పెట్టారు.

కెజియా ఫోన్ తీసింది. "నాన్నా, ఆ స్కూలు పని ఇంకెవరికన్నా ఇప్పించండి."

రేపల్లె నుంచి తెనాలికి సాయంత్రం పాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, ఈ రోజు నేనేం నేర్పించానా అని ఆలోచించాను. టబ్బు ఆలోచన నాది కాదు, బస్సులో తలకిందులు చేసే ధైర్యం నాది కాదు, చీటీ చూపించే తెలివీ నాది కాదు. నేను నోరు తెరిచిన ఒక్కసారీ తప్పు లెక్కే చెప్పాను. అయినా ఆరు నెలల కిందట నాతో ఫోన్లో మాట్లాడటానికే తడబడిన పిల్ల, ఇవాళ నిండు బస్సులో అందరి చేతా కాళ్ళెత్తించింది. మధ్యలో ఏదో జరిగింది, అది జరుగుతున్నప్పుడు నేను పక్కన ఉన్నాను. మా అమ్మ "తిరగడం" అనేది దీన్నే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన: తిరుగు ప్రయాణానికి రైలు రేపల్లెలోనే ఎక్కండి. అక్కడే బయలుదేరుతుంది కాబట్టి కిటికీ సీటు దొరుకుతుంది, భట్టిప్రోలులో ఎక్కితే నిలబడాల్సిందే.

వేమూరు దాటాక అన్నయ్య ఫోన్ చేశాడు. హైదరాబాదు ఉద్యోగంలో చేరడం లేదని చెప్పాను. నేను తెనాలిలోనే ఉంటున్నాను.