కోట గోడలో ఇరుక్కున్న స్వెట్టరు

ఇవాళ ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన వచ్చింది. మన అరకులో ఊరు దాటాలంటే పిల్లలకు స్వెట్టరు తొడగాల్సిందే, గుర్తుందా? సముద్రం మధ్య దీవిలో సైనికుల పాత కోట చూడడానికి కూడా, మండుటెండలో, అమ్మ మమ్మల్ని అలాగే తీసుకెళ్లింది.

ఫిరంగి పెట్టే కంతలో దూరి సముద్రం చూడబోయిన మా చిన్న చెల్లి, స్వెట్టరు ముడతలు పడి అందులోనే ఇరుక్కుపోయింది. అవతల ఆఖరి పడవ సిద్ధంగా ఉంది. నేను దేవుణ్ణి తలుచుకుంటూ దాని కాళ్లు పట్టుకుని లాగాను.

“స్వెట్టరు కోసేద్దారమ్మా, బేగి,” అంటూ పడవతను కత్తి తీశాడు.

“ఆర్నెల్లు అల్లినాను బాబూ. మా గుంటని ఇంకోపాలి లాగి సూడండి,” అంది అమ్మ.

కంతలోంచి చెల్లి గొంతు వినిపించింది. “ఏటమ్మా, నాకన్నా స్వెట్టరెక్కువేటి?”

అమ్మ కాసేపు ఆలోచించి, కత్తి అందుకుంది.

ఆ కాసేపటిని చెల్లి ఇప్పటికీ క్షమించలేదు.