చప్పట్ల మాస్టారు

మా హైస్కూల్లో ఆయన చెప్పే పాఠం భూగోళం. ఏ నది ఎటు పారుతుందో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఉన్నారో లేదో గానీ, చప్పట్లు ఎలా కొట్టాలో నేర్చుకోని పిల్లలు మాత్రం లేరు. ఏ సభ జరిగినా ముందురోజు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి సాధన చేయించేవాడు. జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి పైకెత్తితే చప్పట్లు మొదలవ్వాలి, దించితే ఆగాలి. "ఏంటర్రా అవి, తడిసిన అట్టముక్కలు కొట్టుకున్నట్టు! మళ్ళీ!" అని అరిచేవాడు. దాంతో పిల్లలు ఆయనకి చప్పట్ల మాస్టారని పేరు పెట్టారు. స్టాఫ్ రూములో మేమూ అలాగే పిలుచుకునేవాళ్ళం, ఆయన లేనప్పుడు.

పిల్లల క్లబ్బులన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఎవరూ ముందుకు రాకపోతే ఆయనే తీసుకున్నాడు. తీసుకున్నాక వాటి బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. నాటకం క్లబ్బు స్వాగతగీతం పాడేది. సైన్సు క్లబ్బు థర్మోకోల్‌తో ముఖ్య అతిథి పేరులోని అక్షరాలు కత్తిరించేది. పరుగు పందేల జట్టు గేటు నుంచి వేదిక దాకా రెండు వరసల్లో పూలు పట్టుకుని నిలబడేది. పరుగెత్తే పిల్లల్ని కదలకుండా నిలబెట్టడం కూడా ఒక విద్యే మరి.

ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకి సాయం చేసే పని అంతకుముందు లైబ్రేరియన్‌గారు చూసేది. ఎవరింట్లో కష్టముందో క్లాసు టీచర్లం ఆవిడ చెవిన వేసేవాళ్ళం. ఆవిడ ఆ పిల్లని పుస్తకాల వంకన పిలిచి, బూట్లో స్వెట్టరో సంచిలో పెట్టి పంపేసేది. పక్క బెంచీ పిల్లకి కూడా తెలిసేది కాదు. ఆవిడ రిటైరయ్యాక మాస్టారు ఆ పని తన మీద వేసుకున్నాడు.

"ఇచ్చే చెయ్యి నలుగురికీ కనబడకపోతే ఇచ్చి ఏం లాభమండీ?" అన్నాడు మొదటిరోజే.

అప్పట్నుంచి సాయం వేదికెక్కింది. తల్లిదండ్రుల్ని మెట్ల పక్కన వరసలో నిలబెట్టేవాడు. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే మైకులో వాళ్ళ కష్టం చెప్పేవాడు, అదీ ఉన్నదానికి రెండింతలు చేసి. జ్వరం వచ్చిందంటే మంచం పట్టాడనేవాడు. పని పోయిందంటే రోడ్డున పడ్డారనేవాడు. పైకొచ్చినవాళ్ళు మైకు ముందు "ఈ బడి మాకు కన్నతల్లి" అనాలి. మింగలేక కక్కలేక వాళ్ళు ఆ ముక్క అప్పజెప్పి, డబ్బా పుచ్చుకుని, ఫొటోకి నిలబడి దిగేవాళ్ళు. బూట్ల కొలతలు అడగడం ఆయనకి నామోషీ. ఫొటోలో కొలతలు పడవు కదా. సభ అయ్యాక పిల్లలు కుళాయిల వెనక చేరి, నీది నాకు, నాది నీకు అంటూ మార్చుకునేవాళ్ళు. లారీ నడిపే ఒక తండ్రి మాత్రం మెట్ల దాకా వచ్చి, మైకులో మాట విని, "మా వాడు చెప్పులతోనే నడుస్తాడులెండి" అని వెనక్కి తిరిగాడు. "పొగరు" అన్నాడు మాస్టారు. ఆ పొగరు చూస్తే నాకు ముచ్చటేసింది.

ఆ ఏడు నా తొమ్మిదో తరగతిలోకి సంవత్సరం మధ్యలో ఒక పిల్ల వచ్చి చేరింది. వాళ్ళ నాన్న ప్రెస్సులో పనిచేస్తుండగా కుడిచెయ్యి మిషన్లో పడి నలిగిపోయింది. పని పోయింది. అద్దె తక్కువని బస్ డిపో వెనక ఒక్క గదిలోకి మారారు. పిల్ల చురుకైనదే గానీ బూటు ముందువైపు నోరు తెరిచింది, వానొస్తే తడికాళ్ళతో కూర్చునేది. వాళ్ళమ్మని పిలిపించి చెప్పాను. "మా మాస్టారు ఇలాంటివాళ్ళ కోసం ఒక ఏర్పాటు చేశారమ్మా. శనివారం హాలుకి రండి."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఏ మాస్టారండీ, భూగోళం చెప్పే ఆయనేనా?"

"ఆయనే."

"వస్తానండీ. తప్పకుండా వస్తాను" అంది. ఆ సంతోషం బూట్ల కోసమేననుకున్నాను.

శనివారం ఆవిడ ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది. వరసలో అందరూ నేల చూస్తుంటే ఆవిడొక్కతే వేదిక వైపు చూసి నవ్వుతోంది. ముఖ్య అతిథి ఫర్నిచర్ ఫ్యాక్టరీ యజమాని. మాస్టారు కొత్త కోటు వేసుకుని మైకు పట్టుకున్నాడు. వరసలో ఎవరున్నారో ఆయన చూడలేదు, చేతిలోని చీటీలో ఉన్నవి పేర్లు కాదు, కష్టాలే. ఆవిడ మెట్లెక్కింది. "ఇప్పుడు వస్తున్నది ఎవరో తెలుసా? ఒక అభాగ్యురాలు, విధి వంచించిన..." అని గొంతు వణికిస్తూ అటు తిరిగాడు.

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు ఆగిపోయాడు.

"ఈవిడ... ఈవిడ ఒక తల్లి" అన్నాడు.

"అదేంటన్నయ్యా!" అని నవ్వేసిందావిడ. మైకు పక్కనే ఉంది, మాట హాలంతా వినబడింది. "తల్లినే గానీ, ముందు నీ చెల్లెల్ని కదా!"

మాస్టారి నుదుట చెమట పట్టింది. తుడుచుకుందామని జేబులోంచి చేతిరుమాలు తీసి పైకెత్తాడు.

హాలు దద్దరిల్లింది. అంతమంది పిల్లలు, అన్నేళ్ళ సాధన! కొట్టినవాళ్ళలో ఒక్కరి తాళమూ తప్పలేదు. ఆయన ఆపమని రుమాలు ఊపిన కొద్దీ ఇంకా గట్టిగా కొట్టారు. నాటకం క్లబ్బు వరసలో మా తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే కొట్టలేదు. బళ్ళో మామయ్యా అని పిలవొద్దనీ, సార్ అనమనీ ఆయన కట్టడి చేశాడని తర్వాత తెలిసింది. చుట్టాలని తెలిస్తే పక్షపాతం అంటారట! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. చెల్లెలు డిపో వెనక గదిలోకి మారాక ఆయన ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు.

చప్పట్లు సద్దుమణిగాక ముఖ్య అతిథి అమాయకంగా అడిగాడు. "మీ చెల్లెలా అండీ? మరి ఇంట్లోనే చూసుకోవచ్చుగా?"

ఇంకొకరైతే తల దించుకునేవారు. మాస్టారు గొంతు సవరించుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. "నా తోడబుట్టినదైనా సరే, వరసలో నిలబడాల్సిందే. నా నిజాయితీకి ఇంతకంటే రుజువేం కావాలి?" ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నిజంగానే తలలూపారు.

చెల్లెలి నవ్వు ఆరిపోయింది. "నువ్వు పిలిచావనుకుని వచ్చానన్నయ్యా. మమ్మల్ని తలుచుకున్నావనుకున్నాను. వరస సంగతి నాకు తెలియదు" అంది. బల్లమీది డబ్బా తీసి, మూత తెరిచి, బూటు అడుగు జానతో కొలిచి చూసి పక్కన పెట్టింది. ఇంకో డబ్బా తెరిచింది. అది సరిపోయింది. "బూట్లు పిల్లవి, తీసుకెళ్తున్నాను. ఆ మాటలు నీవి. నువ్వే ఉంచుకో."

ఫొటోకి ఆగకుండా దిగిపోయింది. పిల్ల వరస వదిలి వాళ్ళమ్మ వెనకే పరుగెత్తింది.

సోమవారం స్టాఫ్ రూములో మాస్టారు ఆ కథే గొప్పగా చెప్పుకున్నాడు. అందులో చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్న కాళ్ళమీద పడింది. మేమంతా అక్కడే ఉన్నామన్న సంగతి ఆయనకి అడ్డు రాలేదు. కానీ హెడ్‌మిస్ట్రెస్ మాత్రం కుటుంబాల పని ఆయన చేతిలోంచి తీసేసి కుట్టుపని టీచరుకి అప్పజెప్పింది. కుట్టు గదికి వీధిలోకి ఒక తలుపుంది. మధ్యాహ్నాలు తల్లిదండ్రులు అటు నుంచి వచ్చి, కొలత చూసుకుని, తీసుకుని వెళ్ళేవాళ్ళు. లారీ నడిపే తండ్రీ వచ్చాడు. ఊరికే తీసుకోనని, విరిగిన కుర్చీలు రెండు బాగుచేసి మరీ పట్టుకెళ్ళాడు.

చెల్లెలు ఆ గదిలో చిరుగులు కుట్టడానికి రావడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఆవిడ భర్తకి అదే ప్రెస్సులో గేటు దగ్గర పని దొరికింది. పిల్ల మాత్రం మేనమామని బళ్ళోనే కాదు, బజార్లో ఎదురైనా సార్ అనే పిలిచేది. ఆయనకది గౌరవంగానే తోచిందేమో, తలూపి వెళ్ళిపోయేవాడు.

భార్య పోరగా పోరగా మాస్టారు ఒక ఆదివారం చెల్లెలింటికి వెళ్ళాడట. ఆ సంగతి ఆవిడే నాకు కుట్టు గదిలో చెప్పింది.

"టీ ఇచ్చానండీ. సగం తాగి, 'ఆ రోజు నేను...' అన్నాడు. క్షమాపణేమో అనుకున్నాను. 'ఆ రోజు నేను మైకు కొంచెం దూరంగా పెట్టి ఉండాల్సింది' అన్నాడు."

"మీరేమన్నారు?"

ఆవిడ దారం కొరికి, సూది తీసి గుడ్డపట్టీకి గుచ్చింది. "ఇంకో కప్పు పోశానండీ. ఏం చేస్తాను? మా అమ్మకి ఉన్నది ఆ ఒక్క కొడుకే."