గిత్త కొమ్ములకు గేటు రంగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, అది వేరే సంగతి.) పటమటలో ఒక రంగుల కొట్టులో సేల్స్‌మన్‌గా చేరి మూడు నెలలైంది. కంపెనీవాళ్ళు ఒకపూట శిక్షణ ఇచ్చి, నా ఫోటో ఉన్న ప్లాస్టిక్ కార్డు మెళ్ళో వేశారు. దాని మీద 'రంగుల సలహాదారు' అని ఉండేది. స్నానానికి తప్ప ఆ కార్డు తీసేవాణ్ణి కాదు. బస్సులో కండక్టరుకి కూడా కనపడేలా చొక్కా మీదికి లాక్కునేవాణ్ణి.

ఉయ్యూరు దగ్గర పల్లెలో మా మేనమామకి ఒక ఒంగోలు గిత్త ఉండేది. పేరు దొరబాబు. మామయ్య దాన్ని కన్నకొడుకులా చూసుకునేవాడు. (అసలు కొడుకు ఈ విషయంలో ఇప్పటికీ కినుకగానే ఉంటాడు.) ఏరువాక పున్నమికి దాని కొమ్ములకు రంగు వెయ్యడం ఆనవాయితీ. నాలుగు వానలకి పోయే రంగు పొట్లం ఏదైనా పట్టుకురమ్మని మామయ్య ఫోన్ చేశాడు. సలహాదారుణ్ణి, పొట్లం తెస్తానా? ఇనప గేట్లకు వేసే నీలం ఎనామిల్ డబ్బా తీసుకెళ్ళి, నా చేత్తో రెండు కోట్లు వేశాను. ఎండకీ వానకీ పదేళ్ళు చెక్కుచెదరదని ఊళ్ళోవాళ్ళ ముందు హామీ కూడా ఇచ్చాను. ఆ సాయంత్రం దొరబాబు కుడితి తొట్లో తన మొహం చూసుకుని మురిసిపోయినట్టు నాకనిపించింది.

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ ఫోన్. ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో పశువుల అందాల పోటీ. ఏడాదిగా మామయ్య ఉలవలు ఉడకబెట్టి మేపింది ఆ పోటీ కోసమే. తీరా చేతికొచ్చిన కాగితంలో, కొమ్ములకు రంగుంటే బరిలోకి రానివ్వరని రాసుందట. కొమ్ము మొదట్లో గీతలు చూసి వయసు అంచనా కడతారు, పగుళ్ళుంటే పట్టుకుంటారు, అందుకని.

"పదేళ్ళు పోదన్నావు గదరా అల్లుడూ. ఎల్లుండికి పోవాలి," అన్నాడు మామయ్య. గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

థిన్నర్ డబ్బా, గరుకు కాగితాలు సంచిలో వేసుకుని పరుగెత్తాను. మూత తియ్యగానే ఆ వాసనకి దొరబాబు బుస్సుమని, పలుపు తెగేలా వెనక్కి లాగింది. అత్తయ్య నా చేతిలోని డబ్బా లాక్కుని, పశువుల డాక్టరుగారికి ఫోన్ కలిపి నా చెవికి ఆనించింది. థిన్నర్ కారితే కళ్ళు పోతాయని, చర్మం కాలుతుందని, గరుకు కాగితం రంగుతోబాటు కొమ్మునీ అరగదీస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పారు.

"కొమ్మంటే గేటు కాదు బాబూ, లోపల రక్తం పారుతుంటది. నూనె గుడ్డ చుట్టి నానబెట్టండి. కొమ్ముకన్నా మెత్తటిదేదన్నా పెట్టి నిదానంగా తియ్యండి."

అత్తయ్య పాత చీర చింపి, గోరువెచ్చని కొబ్బరినూనెలో ముంచి కొమ్ములకు చుట్టింది. దొరబాబు తలంటుకి కూర్చున్న పెళ్ళికొడుకులా ఉంది. ఇక గీకడం. ఇనప అట్లకాడ గట్టిది, వద్దు. చెక్క గరిటె మందం, పనికిరాలేదు. పిల్లల స్కేలు పుటుక్కున విరిగింది. అప్పుడు మామయ్య చూపు నా మెడ మీద ఆగింది.

"ఆ కార్డు అంచు చూడరా, పల్చగా ఉందేమో," అన్నాడు.

ప్రాణం ఉసూరుమంది. అయినా తీశాను. రెండు రోజులు ఆ కార్డుతోనే గోరంత గోరంతగా, నూనె రాస్తూ గీకాను. మొదట కొమ్ము విసిరిన దొరబాబు శనివారానికల్లా రుచి మరిగింది. కళ్ళు అరమోడ్చి, తల నా ఒళ్ళో పెట్టేది. నేను ఆపితే ముట్టెతో పొడిచి మొదలుపెట్టించేది. సాయంత్రానికి కొమ్ములు నిగనిగలాడాయి. కార్డు మీద 'సలహాదారు' చెరిగిపోయింది, ఫోటోలో నేను మీసాల దాకా నీలంగా మారాను.

ఆదివారం బరిలో, కఠినుడని పేరుపడ్డ న్యాయనిర్ణేత కొమ్ము మొదలు చూడ్డానికి చెయ్యి వేశాడు. అంతే, దొరబాబు కళ్ళు మూసుకుని ఆయన పొట్టకి తల ఆనించి నిలబడిపోయింది. ఆయన చెయ్యి తీస్తే ముట్టెతో పొడిచింది. జనం ఈలలు. ఇంతలో ఎడమ కొమ్ము వెనక శనగగింజంత నీలం మచ్చ ఆయన కంటపడింది.

"ఇదేంటండీ?" అన్నాడాయన.

"మా అల్లుడి సంతకమండీ," అన్నాడు మామయ్య.

ఆయన పడీపడీ నవ్వి, తన గోటితో మచ్చ గీకేశాడు. రెండో బహుమతి, స్టీలు బకెట్. మామయ్య దాన్ని నా నెత్తిన బోర్లించి, బస్టాండు దాకా అలాగే నడిపించాడు. అంత సంతోషం నేను మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ ఎరగను.

ఇప్పుడు ఆ కొట్టు నాదే. ఎవరైనా రంగు అడిగితే ముందు దేనికో అడుగుతాను. మామయ్యా లేడు, దొరబాబూ లేదు. మొన్న తలకి రంగేసుకుంటే నుదుటిమీద నల్లగా అంటుకుంది. మా ఆవిడ విసుక్కుంటూ కొబ్బరినూనె దూదితో తుడుస్తోంది. నేను కళ్ళు మూసుకుని తల ఆవిడ భుజానికి ఆనించాను. తుడవడం ఆపగానే, నాకు తెలియకుండానే నుదుటితో చిన్నగా పొడిచాను.