జింకలకి నవధాన్యాలు

మా చిన్నాన్న పోయాడని ఫోన్ చేసి చెప్పింది పిన్నే. మార్కమ్‌లో ఆఫీసుకొచ్చి అప్పుడే మీటింగ్‌లో కూర్చున్నాను. పిన్ని ఆ టైముకి ఎప్పుడూ చేయదు కాబట్టి బయటికొచ్చి ఎత్తాను. "మీ చిన్నాన్న లేవలేదమ్మా," అంది. పొద్దుపోయేదాకా ఏదో చదువుతూ కూర్చుని ఉంటాడు, పడుకోనీ పిన్నీ అన్నాను. "లేదమ్మా. ఇంక లేవడు," అంది. తర్వాత తనే, "ముల్లంగి చేలోకి జింకలు వచ్చేశాయి. ఏం తింటున్నాయే అని అడిగే మనిషేడీ ఇప్పుడు?" అంది. నాకు ఏడుపు అప్పుడొచ్చింది, కాఫీ మెషిన్ పక్కన నిలబడి ఉండగా.

జింకలేమిటి, ముల్లంగి చేనేమిటి అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. రావాలి కూడా. అనుమానం రాని మనుషులంటే మా చిన్నాన్నకి మహా చిరాకు.

ఆయన మా నాన్న తమ్ముడు. పుట్టింది అనంతపురం పక్క పల్లెలో, ఉద్యోగమంతా ఇక్కడ కెనడాలో, సార్నియాలో ఒక కెమికల్ ప్లాంట్‌లో. రిటైరయ్యాక ఊరి బయట కాస్త పొలం, వెనకాల చిన్న అడవి ముక్క ఉన్న ఇల్లు కొనుక్కున్నాడు. "యాభై దాటినాక అందరూ కాండో ఫ్లాట్లోకి పోతారు, నువ్వు అడవిలోకి పోతున్నావా?" అని నాన్న ఫోన్లో ఎగతాళి చేస్తే, "అడవిలో ఏముందో కాండోవాళ్ళకి తెలీదు కదన్నా," అన్నాడు. దేన్నీ ఊరికే వదిలే మనిషి కాదు. పళ్ళ డాక్టరు నోట్లో సామాన్లు పెట్టి ఉన్నా సరే, ఎందుకట్ల చేస్తున్నారని చేతులతో అడిగేవాడు. పురోహితుడు ఈయన్ని చూస్తే మంత్రం స్పీడు పెంచేవాడు.

కుక్కర్ మూత తీయబోతుంటే కూడా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "పప్పు ఉడికిందా లేదా? చూసే ముందు చెప్పు పాపా. చూసినాక ఎవడైనా చెప్తాడు." పుచ్చకాయ కోయాలన్నా అంతే, ఎరుపో తెలుపో ముందు చెప్పాలి. తన మాట తప్పయితే నిజంగా సంతోషపడేవాడు. "ఒప్పయితే ఏముంది, తెలిసిందే కదా. తప్పయితేనే కొత్తది తెలిసేది," అనేవాడు. ఇలాంటి మనిషితో కాపురం చేయడమంటే మాటలా? పిన్నిది గుంటూరు వైపు. "ఈయన్ని నాకు కట్టబెట్టిన మధ్యవర్తి ఈ సంగతి నేను చూసే ముందే చెప్పాల్సింది," అని నవ్వేది.

పిన్ని గురించి ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తక్కినదంతా అర్థం కాదు. సార్నియాలో బస్సులు తక్కువ. కాలేజీకని మన తెలంగాణ నుంచీ ఆంధ్రా నుంచీ వచ్చిన పిల్లలకి చలికాలంలో ఒక బియ్యం మూట తెచ్చుకోవడం కూడా గండమే. వాళ్ళందరికీ పిన్ని కారే దిక్కు. గ్రోసరీకి, పార్ట్‌టైమ్ షిఫ్టుకి, జ్వరమొస్తే క్లినిక్‌కి, "ఆంటీ, ఉన్నారా?" అని మెసేజ్ వస్తే చాలు, చెప్పులేసుకునేది. కారులో ఆమె ఒక మహారాణి. ఇంట్లో కంటే అక్కడే గొంతు పెద్దది.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో, ఇంటి దగ్గర మలుపులో, అడవిలోంచి ఒక జింక రోడ్డు దాటింది. పిన్ని బ్రేకేసింది. అది వెళ్ళిపోయింది కదా అని కారు పోనిచ్చింది. దాని వెనకాలే ఇంకోటి వచ్చి కారుకి తగిలింది. పిన్నికి దెబ్బేం తగల్లేదు. కారు కూడా బాగుపడింది. ఆ జింక మాత్రం ఆమె కళ్ళ ముందే పోయింది. ఆ రోజు గోడకి తగిలించిన కారు తాళం మళ్ళీ తీయలేదు. పిల్లలు మెసేజ్ పెడితే చిన్నాన్న తన బండిలో వెళ్ళేవాడు. పిన్ని కిటికీలోంచి చూసేది. ఫోన్లో ఆమె గొంతు పలచబడిపోతుంటే నాకు దిగులేసేది.

"నువ్వైనా డ్రైవ్ చేయమని చెప్పు చిన్నాన్నా," అన్నాను ఒకసారి.

"భయాన్ని పొమ్మంటే పోతుందా పాపా? అది కూడా జింకే. తరిమితే అడ్డం పడుతుంది," అన్నాడు. "నేను వేరే దావ చూస్తున్నా. అసలు అవి రోడ్డు ఎందుకు దాటుతున్నాయంటావ్?"

పెళ్ళాన్ని అడగాల్సిన ప్రశ్న జింకల్ని అడగడం మొదలుపెట్టాడన్నమాట. రోడ్డవతల ఒకాయన సోయా పొలం ఉంది. అడవి ఇటు, తిండి అటు. అందుకే మలుపులో దాటుతున్నాయి. ఇటే తిండి పెడితే అటు పోవు, పోకపోతే మలుపులో భయం లేదు, భయం లేకపోతే మీ పిన్ని తాళం తీస్తుంది. ఇదీ ఆయన లెక్క. ఇక్కడ వేటగాళ్ళు జింకల్ని రప్పించుకోడానికి చిన్నచిన్న మళ్ళు వేస్తారు, క్లోవర్ గడ్డి, టర్నిప్ దుంప లాంటివి. మా చిన్నాన్న శాకాహారి. తుపాకీ పట్టకుండా జింకల మడి వేసినవాడు ఆ రోడ్డు మీద ఈయనొక్కడే. సోయా పొలం ఆయన కారు ఆపి మరీ నవ్వాడట: "తిండి పెడితే తగ్గవు మిత్రమా, చుట్టాల్ని కూడా పిలుస్తాయి." చిన్నాన్న ఆ మాట కూడా శ్రద్ధగా విన్నాడు. "కావచ్చు. చూద్దాం," అన్నాడు.

ఈ ఏడు వసంతంలో అడవి అంచున మడి దున్నించి, షాపులో కొన్న గింజలు చల్లాడు. మొలిచాయి. తర్వాత వాన ముఖం చాటేసింది. అక్కడిది బంకమట్టి. తడిస్తే బూటు లాగేసుకుంటుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. క్లోవర్ మొలకలు మొలిచినచోటే మాడిపోయాయి. హోస్ పైపు అంత దూరం చేరదు, బావిలో నీళ్ళు ఇంటికే అంతంత మాత్రం. నేను వెళ్ళేసరికి చిన్నాన్న ఆ బీటల మధ్య గొంతుక్కూర్చుని ఆకాశంతో మాట్లాడుతున్నాడు. "అనంతపురమోడికి ఎండ చూపిస్తావా? ఎవరికి చెప్తున్నావ్ కథలు!"

మర్నాడు పొద్దున్నే పిన్ని పూజ అల్మారా తెరిచి ఉంది. నవధాన్యాల ప్యాకెట్లు మాయం. చాలక చిన్నాన్న ఇండియన్ స్టోర్‌కి పోయి అలసందలు, ఉలవలు, పెసలు, కందులు ఇంకా తెచ్చాడు. ఇంటి వెనకాల చెక్కల డెక్ మీద టార్పాలిన్ పరిచి, జల్లించిన బంకమట్టి, పొయ్యిలో బూడిద, సోయా ఆయన కొట్టంలోంచి అడిగి తెచ్చిన పేడ పెట్టుకుని కూర్చున్నాడు. పేడ ఎందుకని ఆ కెనడా ఆయన అడిగితే ఏం చెప్పాడో నాకు తెలీదు గానీ, చాలాసేపే చెప్పి ఉంటాడు.

"నవగ్రహాలకి పెట్టే గింజలండీ అవి! జింకలకి పెడతారా?" అంది పిన్ని లోపల్నుంచి.

"జింకలు మాత్రం ఏ గ్రహం మీదున్నాయే? వచ్చి చెయ్యి వెయ్యి."

వాన రాకముందే పొడి దుక్కిలో విత్తడం వాళ్ళ అమ్మ దగ్గర చూశాడట. గింజకి మట్టీ బూడిదా పట్టించి ఆరబెడితే చీమలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకి మోసపోయి మొలవదు, గట్టి వాన పడేదాకా నిద్రపోతుంది. "గింజకి దుప్పటి కప్పడం," అనేవాడు. అన్ని రకాలూ ఎందుకు కలపాలంటే, ఈ ఏటి వాన ఏ గింజకి నచ్చుతుందో మనకి తెలీదు కాబట్టి. ముగ్గురం పేడ చేతులతో కూర్చుని గింజలు దొర్లించాం. అవి అలసందలని ఆయన, బొబ్బర్లని పిన్ని, మధ్యాహ్నందాకా కీచులాట. రెండూ ఒకటేనని నేనంటే ఇద్దరూ నా మీద పడ్డారు.

చిన్నాన్నా నేనూ మడిలో చల్లి, పైన ఎండుగడ్డి పరిచాం. రోజూ ఫోన్లో ఒకటే మాట: "మబ్బు పట్టింది పాపా, పడుతుందా? చూసే ముందు చెప్పు." నేను పడుతుందనేదాన్ని. పడేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం ఉరుములతో దంచింది. ఆ వారాంతం పరిగెత్తుకుంటూ వెళ్ళాను. మడిలోకి అడుగు పెట్టనివ్వకుండా గట్టున నిలబెట్టాడు. ఏది ముందు మొలిచి ఉంటుంది? నేను పెసలన్నాను. ఆయన ఉలవలన్నాడు, కరువులో వాళ్ళ ఊరిని కాపాడిన గింజ అది. పిన్ని, అప్పటిదాకా మడి వైపే రాని పిన్ని, డెక్ మీంచి "బొబ్బర్లు!" అని అరిచింది.

బొబ్బర్లే. మట్టిని తలతో ఎత్తుకుని వరసగా లేచాయి. వడ్లు అసలు రాలేదు. శనగలు ముక్కుతూ మూలుగుతూ వచ్చాయి. చిన్నాన్న ఓడిపోయినందుకు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "ఎట్ల తెలిసిందే నీకు?" అని ఆ రోజంతా పిన్ని వెంటబడ్డాడు. "మీరు ఉలవలన్నారుగా, అందుకని," అంది.

జింకలు ఎంత తింటున్నాయో తెలియడానికి మడి మధ్యలో కోళ్ళగంపలాంటి వైరు గూడు బోర్లించాడు. గూడు లోపల తీగలు మోకాలెత్తు, బయట కొరికిన మోళ్ళు. ఆ తేడా చూడటమే సాయంత్రం పని. మొదట్లో పిన్ని డెక్ మీద మడికి వీపు పెట్టి కూర్చునేది. టీ తాగుతూ, "ఏవి వచ్చాయి?" అని తిరక్కుండానే అడిగేది. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ కుర్చీ కొంచెం కొంచెం పక్కకి తిరిగి కనబడేది. చిన్నాన్న దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, అంత వాగుడుకాయ! ఆగస్టుకి కుర్చీ పూర్తిగా అడవి వైపు తిరిగింది. జింకలకి పేర్లు కూడా పడ్డాయి. ముందొచ్చి చెవులు తిప్పి, అంతా బాగుందనుకున్నాకే తల దించేది పెద్దావిడ. దాని వెనకాల, ఎప్పుడూ ఆలస్యంగా, నోట్లో ఏదో నములుతూ వచ్చేది చిన్నది. "దానికి తిండి మీద తప్ప ధ్యాస లేదమ్మా. తల్లి వెళ్ళిపోయినా చూసుకోదు," అని పిన్ని విసుక్కునేది, మనింటి పిల్లని విసుక్కున్నట్టు.

వేసవి చివర్లో మళ్ళీ వాన లేదు. బొబ్బర్లు కాస్త నిలబడ్డాయి, తక్కినవి వాడిపోయాయి. సెప్టెంబర్లో వచ్చిన ఒక్క జల్లుని నమ్మి చిన్నాన్న ముల్లంగి గింజలు చల్లాడు. నేను ఆయన్ని చివరిసారి చూసింది ఆ ముల్లంగి మడిలోనే. మంచు పడితేగానీ జింకలు ఆ ఆకు ముట్టవని ఎక్కడో చదివాడట, మంచు కోసం ఎదురుచూస్తున్నాడు. రోడ్డు దాటడం తగ్గిందా అని అడిగాను. "ఇంకా తెలీదు పాపా," అన్నాడు, భలే ఉత్సాహంగా. తాళం గోడకే ఉంది.

మంచు పడింది. జింకలు ముల్లంగి ఆకు ముట్టాయి. అది రెండు రోజులు చూశాడట. అంతే.

కర్మ అయ్యేదాకా పిన్ని దగ్గరే ఉన్నాను. కాలేజీ పిల్లలు ఒకే కారులో ఇరుక్కుని, అన్నం గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళు. నేను తిరిగి వెళ్ళే రోజు నన్ను స్టేషన్లో దింపడానికి వాళ్ళలో ఒకబ్బాయి వస్తానన్నాడు. పొద్దున బ్యాగు సర్దుకుని కిందికొస్తే పిన్ని కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తాళం.

"ఆ అబ్బాయికి క్లాసుంది, వద్దన్నాను," అంది.

కారు గేటు దాటింది. మలుపు దగ్గరికి రాగానే నా కాలు దానంతటదే కింద బ్రేకు కోసం వెతికింది. పిన్ని రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని మెల్లగా పోనిస్తోంది. మా పక్క అడవి అంచున ఏదో కదిలింది. పెద్దావిడ. రోడ్డెక్కి, చెవులు తిప్పి, తీరిగ్గా అవతల కోసేసిన సోయా పొలంలోకి దిగిపోయింది. పిన్ని కారు పూర్తిగా ఆపేసింది. చిన్నాన్న లెక్క తప్పిందని నాకు అర్థమైంది. ఉంటే ఎంత సంతోషపడేవాడో.

"వెళ్ళిపోయిందిగా పిన్నీ," అన్నాను నెమ్మదిగా.

"ఇంకోటి ఉందా లేదా? చూసే ముందు చెప్పు."

అచ్చం ఆయన మాట. లేదన్నట్టు తలూపాను.

"ఉంది," అంది పిన్ని. రోడ్డు ఖాళీగా ఉంది. హజార్డ్ లైట్లు టిక్కు టిక్కు మంటున్నాయి. వెనక ఎవరిదో ట్రక్కు వచ్చి ఆగింది. అయినా పిన్ని కదల్లేదు.

అప్పుడు వచ్చింది చిన్నది. ఆలస్యంగా, హడావుడి లేకుండా, మా కారు ముందునుంచి సోయా పొలం వైపు నడుచుకుంటూ పోయింది. దాని నోట్లోంచి చిన్నాన్న ముల్లంగి ఆకు ఒకటి, సగం నమిలింది, పచ్చగా వేలాడుతోంది.