మాబున్ని రాసిన బావి

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి దగ్గరున్న మా పల్లెకు మునసబు. శిస్తు వసూలూ తగవుల తీర్పూ ఆయన చేతిలోనే ఉండేవి. మా తాత కాలంలో కూడా మా వాకిటి ముందు నడిచేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకునేవారు. పదవీ భూములూ నా తరానికి మిగలలేదు. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌ని. మా వంశం సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది.

అది 2024. పిల్లలు అసైన్‌మెంట్లు ఫోన్లో ఏఐ చేత రాయించుకొస్తున్నారు. చేతిరాతతోనే ఇవ్వాలన్నాం. ఫోను పక్కన పెట్టుకుని చూసి ఎక్కించుకొచ్చారు. తర్వాత డిటెక్టర్ తెచ్చాం. రాసింది మనిషో యంత్రమో అంచనా వేసి, అనుమానం ఉన్న వాక్యాలకు ఎర్రరంగు పూసే సాఫ్ట్‌వేర్ అది. దానికోసం చేతిరాత మానిపించి మళ్లీ టైపు చేయించాం. యంత్రం రాసిందని తేలితే ఇంటర్నల్స్‌లో సున్నా అని స్టాఫ్ మీటింగ్‌లో తీర్మానం చేశాం. ఇంటర్నల్స్ అంటే లెక్చరర్ వేసే మార్కులు. ఆ తీర్మానం ప్రతిపాదించింది నేనే.

నేనిచ్చిన అసైన్‌మెంట్ ‘మా ఊరి నీటి చరిత్ర’. పెద్దవాళ్లను అడిగి రాయాలి. చివరి సంవత్సరం బీఏ చదివే మాబున్నిది మా ఊరే. దూది ఏకే కుటుంబం. ఇంట్లో జేజి, అంటే నాయనమ్మ, ఉంది. ఆమె మా దిగుడుబావి గురించి రాసింది. పెద్ద కరువులో మా తాత ఆ బావిని ఊరందరికీ తెరిచాడని, కులమతాలు చూడలేదని ఉంది. ‘ఆ బావి నేటికీ ఊరి దాహం తీరుస్తోంది’ అన్న వాక్యంతో ముగించింది. ఇరవై ఐదుకు ఇరవై నాలుగు వేశాను. క్లాసులో నేనే చదివి వినిపించాను.

వారం తర్వాత ప్రిన్సిపాల్ పిలిచి, డిటెక్టర్‌లో వేసి తీసిన ఆ కాగితాలు ముందు పెట్టాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎర్రగా ఉంది.

“ఏమప్పా రెడ్డీ, మీ ఊరి పిల్లదంట కదా?”

“ఆ డిటెక్టర్‌కు తెలుగు సరిగ్గా రాదు సార్. పోయిన నెల మీ సర్క్యులర్‌కు కూడా ఎర్రరంగే పూసింది.”

“అది నేను నిజంగానే ఫోనుతో రాయించినా లేప్పా,” అని నవ్వాడు.

నేను నవ్వలేదు. “ఇది మా ఇంటి చరిత్ర. ఆ పిల్ల సొంతంగా రాసిందేనని నేను పూచీ,” అని సంతకం పెట్టాను. అయినా పద్ధతి ప్రకారం వైవా, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడగడం, జరగాలి. సున్నా పడితే మాబున్ని ఆ పేపరు తప్పుతుంది, బీఈడీ సీటు పోతుంది. ఆ ఏడాది దాటితే ఇంట్లో ఇక చదివించరని నాకు తెలుసు.

డిపార్ట్‌మెంట్ గదిలో ఇద్దరమే కూర్చున్నాం.

“ఇది నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. ఫోను రాసింది.”

అబద్ధమాడుతుందనుకున్నాను. ఆడలేదు.

“మీ జేజి ఉంది కదా, అడగలేదా?”

“అడిగినా సార్. ముందు మా జేజి చెప్పిందే రాసినా. మీకు ఇచ్చేదానికి ధైర్యం చాల్లేదు. బావి గురించి మంచిగా రాయమని ఫోనుకు చెప్పినా. అది మంచిగానే రాసింది.”

సంచిలోంచి నాలుగు కాగితాలు తీసింది. కరువులో మా తాత బావికి గేటు పెట్టి బీగం వేయించాడట. మాబున్ని జేజి అప్పుడు చిన్నపిల్ల. తల్లి వెంట మా ఇంటికి వచ్చేది. రోజంతా పరుపులకు దూది ఏకితే వాళ్లకిచ్చిన కూలి రెండు కడవల నీళ్లు.

“ఇది ఇచ్చుంటే నేను మార్కులు వేయననుకున్నావా?”

“మొదటి దినమే క్లాసులో మీ ముత్తాత పేరు చెప్పినారు సార్. పాఠం తర్వాత చెప్పినారు.”

ఆ నాలుగు కాగితాలూ మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. ఆమె మళ్లీ మెల్లగా అంది: “బావి ఇంకా ఉండాదని ఫోను రాసింటే మీరు గీత కొడతారనుకున్నా. ఆడ బావి యాడుంది సార్? మీకు తెలీదా?”

తెలుసు. చదువుతున్నప్పుడూ తెలుసు. ఇంకే విద్యార్థి కాగితంలోనైనా ఆ వాక్యానికి ఎర్రసిరాతో సున్నా చుట్టేవాణ్ని.

నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల ఏఐ వాడిందని, అబద్ధమని తెలిసిన వాక్యానికి నేను మార్కులు వేశానని, కాబట్టి నా వాల్యుయేషన్ చెల్లదని చెప్పాను. ఆ పిల్లకు మళ్లీ రాసిచ్చే అవకాశం అడిగాను.

“తీర్మానం పెట్టింది నువ్వే. ఇప్పుడు ఈ మాట కాయితం మీద రాసిస్తావా?”

“ఇస్తాను.”

“సర్వీస్ రిజిస్టర్‌లోకి పోతాది, చూసుకో.”

రాసిచ్చాను. నాకు మెమో వచ్చింది, ఆమెకు అవకాశం దొరికింది. మాబున్ని నాలుగు కాగితాలకు పందొమ్మిది వేశాను. కరువు ఏ ఏడాదో రాయనందుకు మిగతావి తీసేశాను. ఈసారి క్లాసులో ఆమే చదివింది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఇప్పుడామె బీఈడీ చేస్తోంది.

ఆ తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో డిటెక్టర్ ఆపేశాం. ఫోను రాసింది ఒక పక్క, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పింది ఇంకో పక్క పెట్టి తేవాలి. రెండూ ఎక్కడ కలవలేదో విద్యార్థి మా ఎదుట చెప్పాలి. మార్కులు దానికే. పని ఎక్కువైంది. నేను నేర్చుకున్నది ఒకటే. యంత్రం అబద్ధం రాస్తే పట్టుకోవలసినవాడు లెక్చరర్. ఆ అబద్ధం లెక్చరర్‌కే కావాలనిపిస్తే ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. మొదటి రోజు క్లాసులో మా ముత్తాత పేరు చెప్పడం మానేశాను.

ఇక ఆ బావి. నేను ఎంఏలో చేరిన ఏడాది మా నాయన దాని రాతిమెట్లు పెకలించి తాడిపత్రిలో ఒక బండల వ్యాపారికి అమ్మారు. గుంత పూడ్చి, ఆ జాగా కూడా అమ్మారు.